మా బావ విడిచిపెట్టని బంతి

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మా బావ విషయంలో ఆ మర్యాద పాటించడం నా వల్ల అయ్యే పని కాదు. మొన్న సిరిసిల్లలో ఆయన పదకొండో రోజుకు వచ్చిన ప్రతి మనిషీ విస్తరి ముందు కూర్చుని, "దేవునసొంటి మనిషి" అన్నాడు. వడ్డిస్తున్న నేను పళ్లు కొరుక్కున్నాను. ఆ దేవుడితో కాపురం చేసింది మా అక్క. ఆ దేవుడికి ఒక ఉద్యోగం ఇప్పించాలని కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది నేను. తిని చేయి కడుక్కుని పోయేవాళ్లదేముంది, ఎంతైనా అంటారు.

మా బావ వృత్తిరీత్యా గోల్‌కీపరు. మగ్గాల ఊళ్లో ఈ సంగతి చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో మా ఇంట్లో పెళ్లిచూపుల నాడే తెలిసింది. పిల్లగాడు ఏం చేస్తాడని మా నాన్న అడిగితే, హైదరాబాదులో ఒక సర్కారు డిపార్టుమెంటు టీములో గోల్ దగ్గర నిలబడతాడని పెళ్లిపెద్ద చెప్పాడు. నిలబడి ఏం చేస్తాడన్నాడు మా నాన్న. బంతి వస్తే ఆపుతాడన్నారు. రాకపోతే? ఊరికే నిలబడతాడన్నారు. దానికి జీతమిస్తారా అని మా నాన్న రెండు మూడుసార్లు అడిగి, నెలనెలా ఇస్తారని రూఢి చేసుకుని, ఊరికే నిలబడినా జీతమొచ్చే నౌకరి మగ్గం ముందు పుట్టినవాళ్లకు ఎక్కడ దొరుకుతుందని సంబంధం ఖాయం చేశాడు. పెళ్లయిన మరుసటి ఏడాదే మా బావ ఆ నౌకరి వదిలేసి కలకత్తాలో ఒక క్లబ్బుకు కాంట్రాక్టు మీద పోయాడు. అక్కడ పెద్ద ఆట ఉంటుందట. అక్కను సిరిసిల్లలో అత్తగారింట్లో బీడీలు చుట్టుకోమని వదిలి, తను సీజనుకొకసారి వచ్చిపోయేవాడు. మా నాన్న బతికినన్నాళ్లూ కలకత్తా అన్న మాట వినబడితే మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు.

ఈ పిచ్చి మా బావకు జగిత్యాలలో అంటుకుంది. చిన్నప్పుడు అక్కడ హాస్టల్లో ఉండి చదివాడు. ఖిలా పక్కన ఖాళీ జాగాలో పోరగాళ్లు ఫుట్‌బాలు ఆడేవారు. గోల్ వెనక వల లేదు, ఖిలా కందకం ఉంది. బంతి గోల్లోకి పోయిందంటే నేరుగా పోయి కందకం నీళ్లల్లో పడేది. దిగి తేవాల్సింది గోల్ దగ్గర నిలబడ్డవాడే. ఆ నీళ్లల్లో పాములుండేవట. "పాములకు భయపడి నేర్సుకున్న బామ్మర్దీ, ఆట మీద ప్రేమతోని, పాయిరంతోని కాదు" అనేవాడు. ఆయన మాటల్లో ఇది ఒక్కటే నేను అప్పటికప్పుడు నమ్మిన మాట.

ఆ అలవాటు మాత్రం ఒంటికి పట్టి వదల్లేదు. మనం ఏదిచ్చినా మామూలు మనుషుల్లా అందుకునేవాడు కాదు. బండి తాళంచెవి విసిరితే రెండు చేతులా పట్టి, పొట్టకు అదుముకుని, దాని మీదికి వంగి, ఎవరైనా గుంజుకుంటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, అప్పుడు నిటారుగా లేచేవాడు. చాయ్ గ్లాసు ఇచ్చినా అంతే, సగం చొక్కా మీద పోసుకునేవాడు. పసిపిల్లను ఎత్తుకొమ్మని ఇచ్చినా అదే తంతు. పిల్ల తల్లికి గుండె జారిపోయేది. ఇక ఆ చేతులకున్న వేళ్లలో తిన్నగా ఉన్నది ఒక్కటీ లేదు. ఒక్కోటి ఒక్కో మ్యాచులో విరిగి, అతుక్కునేటప్పుడు తనకు నచ్చిన దిక్కుకు తిరిగి అతుక్కుంది. కొత్తవాళ్లు దారి అడిగితే ఈయన ఉత్సాహంగా చేయి చాపి చూపించేవాడు. నోరు తంగళ్ళపల్లి అనేది, వేలు వేములవాడను చూపేది. పాపం ఆ వచ్చినవాళ్లు ఆ రెంటి మధ్య నిలబడి నా ముఖం చూసేవారు.

కేకల సంగతి సరేసరి. గోల్‌కీపరుకు మైదానమంతా కనబడుతుందట, ముందున్నవాళ్లకు తమ వెనక ఏం జరుగుతుందో తెలియదట. కనబడనీ. నోరు మూసుకుని చూడొచ్చు కదా. పెళ్లి ఊరేగింపులో అందరికన్నా వెనక నడుస్తూ, ఎడమ దిక్కు ఖాళీ ఉంది ఎవరైనా పోండని అరిచేవాడు. మా నాన్న పాడె లేచిన నాడు కూడా ఊరుకోలేదు. కుడివైపు మోసేవాళ్లు వెనకబడుతున్నారని, ఒకరు ముందుకు రావాలని శ్మశానం దాకా చెబుతూనే వచ్చాడు. మా పెద్దనాన్న ఆగి, పాడె కింద పెట్టించి, ఇతన్ని ముందుకు పంపితే తప్ప శవం కదలదని తీర్పు చెప్పాడు. ముందు నడిపిస్తే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ ఒక రాయికి తట్టుకుని పడ్డాడు.

ఇంత చేసినా, పెద్ద ఆటగాడి బావమరిదినని చెప్పుకుని కాస్త మురిసే అవకాశమైనా ఇచ్చాడా అంటే అదీ లేదు. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. తోటి లెక్చరర్లను పట్టుకుని సిరిసిల్ల దాకా తీసుకుపోయి, కలకత్తాలో ఆడిన మనిషి అని చెప్పి ఎదురుగా కూర్చోబెట్టేవాణ్ని. మీరు ఆపిన మంచి గోల్ ఒకటి చెప్పండి అని వాళ్లు అడిగితే గుర్తు లేదనేవాడు. పడ్డ గోల్ అడగనక్కర్లేకుండానే చెప్పేవాడు. ఆ రోజు వాన ఎట్లా కురిసింది, బురద ఎక్కడుంది, ఆ బెంగాలీ పిల్లగాడు ఏ కాలితో తన్నాడు, బంతి ఏ మూల నుంచి లోపలికి పోయింది, అంతా చెప్పి చివర, ఇంకొక్క అడుగు ముందుకు వచ్చి ఉంటే అందేదని నిట్టూర్చేవాడు. ఆ ఒక్కటి అయ్యాక ఇంకోటి. తిరుగు బస్సులో మా ఫిజిక్స్ లెక్చరరు చాలాసేపు ఓపిక పట్టి, రుద్రంగి దాటాక, "మీ బావ ఓడిపోయిన మ్యాచులే ఆడిండా సార్" అని అడిగాడు. నేను కిటికీ బయటికి చూశాను.

మోకాలు, భుజం రెండూ పోయాక కలకత్తావాళ్లు సెలవు చెప్పారు. ఇంటికొచ్చి పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు. మరమగ్గం నడిపేవాడు చూడాల్సింది గుడ్డను. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ సందు పడింది, అది కనిపెట్టి మగ్గం ఆపాలి. మా బావ గుడ్డను చూడడు, పోగును అటూ ఇటూ మోసే నాడెను చూస్తాడు. నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తుపాకీ గుండులా కొట్టుకుంటూ ఉంటే, ఈయన మోకాళ్లు కొంచెం వంచి, చేతులు ముందుకు పెట్టుకుని, దాని వెంట తల తిప్పుతూ నిలబడేవాడు. ఆలోపు కింద గజాల కొద్దీ గుడ్డ పోగులు తెగి జల్లెడలా దిగేది. ఏ షెడ్డు ఆసామీ కోపం చేయలేదు. పెద్దమనిషి, కలకత్తాలో ఆడాడు, గౌరవం. గౌరవంగానే పని మానిపించేవారు. ఇంట్లో మా అక్క చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది, ఆమె వేళ్ల మీదే ఇల్లు గడిచింది.

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యేసరికి పరిస్థితి ఇదీ. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, నూలు రాక మగ్గాలూ చాలావరకు ఆగాయి. అప్పుడు మహారాష్ట్రలోని భివండి నుంచి మా బావ వాళ్ల అన్న కబురు చేశాడు. అక్కడ తన షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి, ఇద్దరూ వచ్చేయండి, ఉండటానికి గది ఉంది అని. సిరిసిల్లలో ఏ ఇంటికైనా కష్టం ముదిరితే చివరికి తోచే దారి భివండే. కానీ మా అక్కకు ఆ ఊరి పేరు చెబితే చాలు, ముఖం మాడిపోయేది. మా చిన్నతనంలో మా నాన్న మమ్మల్ని అక్కడికే తీసుకుపోయాడు. కిటికీ లేని ఒక్క గది, గాలి నిండా దూది. మా అమ్మ దగ్గి దగ్గి ఆ గదిలోనే పోయింది. అప్పుడు అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది అక్కే, నేను బాగా చిన్న. అందుకే అక్క నాతో ఒక్కటే మాట అంది.

"తమ్మీ, నేను బీడీలు జేసి సాదుత గని భివండి మాత్రం పోను. ఏదన్న ఒక నౌకరి సూడు ఆయనకు. నేను సచ్చినా అటు మొఖాన పోను."

మా కాలేజీలో ఆటల మాస్టారి ఉద్యోగం ఖాళీగా ఉంది. కాలేజీ యజమానిని మేమంతా కరస్పాండెంటు సారు అంటాం. పట్టణంలో ఉద్యమ కమిటీకి కూడా ఆయనే పెద్ద. నేను పోయి అడిగాను. మంచి రోజు చూసి, మంచి మాటలు ఏరుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ అడిగాను. ఆయన ఆలోచిస్తానన్నాడు. ఆలోచించి, ఒక రోజు నన్ను పిలిపించి, తన ఆలోచన చెప్పాడు.

సమ్మె రోజుల్లో మా వైపు ఒక పద్ధతి పడింది. ఎవరి పని వాళ్లు తెచ్చి నడిరోడ్డు మీద చేయాలి, రాకపోకలు ఆపాలి. గడ్డాలు గీసేవాళ్లు కుర్చీలు వేసి రోడ్డు మీదే గీశారు. ఇస్త్రీ బల్లలు వచ్చాయి, కుమ్మరి సారె వచ్చింది. సిరిసిల్లలో మగ్గమే తెచ్చి పెట్టారు. వకీళ్లు నల్లకోట్లు వేసుకుని రోడ్డు మీద వాదించారు. నేను కూడా నల్లబల్ల ఆనించుకుని ఎండలో జమాఖర్చుల పాఠం చెప్పాను. ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి వంటలు చేసి అక్కడే అందరికీ పెట్టేవారు. కరస్పాండెంటు సారు ఆలోచన ఏమిటంటే, కోరుట్ల చౌరస్తాలో ఫుట్‌బాలు పెడదాం, కలకత్తాలో ఆడిన కీపరును పిలుద్దాం, ఆయన మీద సారు ఒక గోల్ కొడతాడు, పేపర్లో ఫొటో వస్తుంది. "గోల్ పడ్డదంటే తెలంగాణ అచ్చినట్టే సార్, జనానికి గట్ల అర్థమైతది" అన్నాడు. కాలేజీ తెరిచిన రోజే మీ బావను వచ్చి చేరమను అని కూడా అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని ఇంటికి పరుగెత్తినంత పని చేశాను.

ముందు రోజు బావను, అక్కను ట్రాలీ ఆటోలో కోరుట్ల రప్పించాను. దారిలో ప్రతి ఊళ్లోనూ రోడ్డు బంద్. రుద్రంగి దగ్గర ఆపి, దించి, రోడ్డు మీద వండింది తినిపించి గాని వదల్లేదట. చేరేసరికి పొద్దు గూకింది. అన్నం తినేటప్పుడు నేను బావ పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. సారు తంతాడు, నువ్వు వదిలేయాలి. ఒక్క బంతి. ఆ ఒక్క బంతితో ఉద్యోగం వస్తుంది, అక్క భివండి పోయే గండం తప్పుతుంది. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"సరే బామ్మర్దీ, విడుస్త. గా సారు ఏ దిక్కు కొడ్తడో జర అడిగి చెప్పు. నేను గా దిక్కు పోను" అన్నాడు.

నేను అడిగాను కూడా. సారు కుడి వైపు అన్నాడు. అది బావకు చెప్పాను. చేయగలిగిన ఏర్పాటంతా చేశాను. ఇంతకన్నా ఏ బావమరిది ఏం చేస్తాడు?

మర్నాడు చౌరస్తా నిండింది. ఇసుక నింపిన రెండు డ్రమ్ముల్లో వెదురు గడలు నిలబెట్టి, పైన అడ్డకర్రకు బదులు మామిడాకుల తోరణం కట్టారు. వెనక వలగా బెస్తవాళ్లు చేపల వల ఇచ్చారు. ఒక పక్క పెద్ద గంజుల్లో ఆడవాళ్లు అన్నం వండుతున్నారు, మా అక్క వాళ్లతో కలిసి గంటె తిప్పుతోంది. మా బావ ఎప్పటిదో పాత టీము చొక్కా వేసుకుని వచ్చాడు, అది పొట్ట దగ్గర బిగిసి ఉంది. నెత్తి మీద జుట్టు సగం లేదు. తోరణం కింద నిలబడి, ఒక గడ దగ్గరికి పోయి తట్టి, రెండో గడ దగ్గరికి పోయి తట్టి, మధ్యకు వచ్చి అరచేతులు రుద్దుకున్నాడు. పాత రోగం బయటపడుతోందని నాకు అప్పుడే అనుమానం కలగాల్సింది.

సారు తెల్ల ఖద్దరు, నల్ల బూట్లు. నినాదాలయ్యాయి, ఉపన్యాసమైంది. ఫొటో తీసేవాడు గోల్ పక్కన గొంతు కూర్చున్నాడు. సారు వెనక్కి పోయి, పరుగెత్తుకొచ్చి తన్నాడు. బూటు ఊడింది. బూటు తిన్నగా తోరణం కిందుగా పోయి చేపల వలలో పడింది, బంతి ఉన్నచోటే ఉంది. జనం నవ్వారు, సారు కూడా నవ్వాడు. మా బావ బూటు తీసి, అలవాటు కొద్దీ పొట్టకు అదుముకుని, తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. రెండోసారి బూటు లేసు గట్టిగా కట్టుకుని తన్నాడు. ఈసారి బంతి కదిలింది. కదిలి, దొర్లుకుంటూ పక్కకు పోయి అన్నం గంజుకు తగిలింది. బావ ఒప్పుకున్న ప్రకారం అవతలి వైపు దూకడానికి సిద్ధంగా ఉన్నాడనుకున్నాను గాని, ఆయన దూకడానికి బంతి గోల్ వైపు వస్తే కదా. ఈసారి సారు నవ్వలేదు. జనంలో ఎవరో, తెలంగాణ గంజులోకి పోయిందన్నారు.

అప్పుడు మా బావ గోల్ విడిచి ముందుకు నడిచాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బంతి తీసుకుని, మట్టి తుడిచి, సారు ముందు పెట్టి, అంత మంది జనం వింటుండగా, స్కూలు పిల్లవానికి చెప్పినట్టు చెప్పాడు.

"సార్, మీ ఎడమ కాలు బంతికి గంత దూరం పెడ్తున్నరు. జర పక్కకు తెచ్చి పెట్టుండ్రి. నా మొఖం సూడకుండ్రి, బంతిని సూడుండ్రి. బూటు ముక్కుతోని కాదు, పాదం మీద ఎముకతోని తన్నుండ్రి."

రెండు వేల మంది ముందు ఉద్యమ కమిటీ పెద్దకు కాలు పెట్టడం నేర్పాడు. నేర్పితే నేర్పాడు, ఎట్లాగో గోల్ పడిపోతుంది కదా అని నేను మనసు చిక్కబట్టుకున్నాను. సారు ముఖం ఎర్రబడింది, కాని చెప్పినట్టే ఎడమ కాలు పక్కన పెట్టాడు. బంతినే చూశాడు. తన్నాడు. అది తన్నడమంటే. ఆయన జన్మలో అంత మంచి తన్ను తన్ని ఉండడు, ఇక ముందూ తన్నడు. బంతి లేచి, కుడి వైపు, తోరణం మొన కిందికి ఈలవేసినట్టు పోయింది.

మా బావ లేచాడు. ఆ మోకాలితో, ఆ భుజంతో, ఆ పొట్టతో నేల విడిచి అడ్డంగా గాలిలోకి లేచాడు. వంకర వేళ్లున్న ఒక చేయి సాగి, సాగి, బంతి అంచును తాకింది. బంతి తోరణం మీదుగా వెళ్లిపోయింది, మామిడాకులు రెండు మూడు రాలాయి. ఆయన తారు రోడ్డు మీద పడి, బర్రున జారి, డ్రమ్ముకు తగిలి ఆగాడు. ఆ తర్వాత లేచిన అరుపు నేను ఆ ఉద్యమంలో ఏ నినాదానికీ వినలేదు. మనుషులు టోపీలు, కండువాలు ఎగరేశారు. నాకు తెలియకుండా నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ సారు ముఖం చూసి ఆపాను.

సారు పెద్దమనిషి, అందరి ముందు బావను కౌగలించుకున్నాడు. ఆ సాయంత్రమే నేను ఆయన ఇంటికి పోతే కూర్చోమని చాయ్ కూడా ఇప్పించాడు. "మీ బావ శాన పెద్ద ఆటగాడు సార్. మా పిలగాండ్లకు గంత పెద్దోడు ఎందుకు, డ్రిల్లు చేపిచ్చేటోడు ఉంటే సాలు" అన్నాడు. చేతికందింది నోటికందలేదంటే ఇదే. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చేసరికి, బావ చాప మీద చేయి చాపుకుని కూర్చున్నాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు లేదు. అక్క సూది పట్టుకుని, చర్మంలో దిగిన కంకర పలుకులు ఒక్కొక్కటే తీస్తోంది. నేను నోటికి వచ్చిందంతా అన్నాను. మాట ఇచ్చి తప్పడానికి సిగ్గు లేదా అన్నాను. పెళ్లాం ఏడుపు కన్నా బంతి ఎక్కువైందా అన్నాను. ఆయన అన్నీ విని, తల ఊపి, "గా బంతి మాత్రం మంచిగ అచ్చింది బామ్మర్దీ" అన్నాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయం. అక్క ఒక్క మాటా అనలేదు, తల వంచుకుని పలుకులు తీస్తూనే ఉంది. బాధలో నోరు పెగలడం లేదనుకున్నాను.

బస్సులు తిరగడం మొదలైన వారానికే వాళ్లు భివండి పోయారు. నేను బస్టాండుకు పోయాను గాని బావతో మాట్లాడలేదు. చాలాకాలం మాట్లాడలేదు. రాష్ట్రం వచ్చిన నాడు ఆయనే ఫోన్ చేశాడు. సంబరం గురించి అడుగుతాడేమో అనుకుంటే, మీ కాలేజీలో కొత్తగా వచ్చిన ఆటల సారు పిల్లలకు పడటం నేర్పుతున్నాడా అని అడిగాడు. ముందు పడటం నేర్పాలట, లేకపోతే పిల్లలు బంతికి భయపడతారట. నాకు చిరాకొచ్చి ఫోన్ అక్కకివ్వమన్నాను. ఆమెతో మాట్లాడిన ప్రతిసారీ వెనక నుంచి మగ్గాల చప్పుడు వినబడేది, మధ్యలో ఆమె దగ్గు. ఆ దగ్గు విన్న ప్రతిసారీ ఆ తోరణం కింది మనిషి మీద నాకు కోపం కొత్తగా పుట్టుకొచ్చేది. అట్లా ఏళ్లు గడిచాయి. మొన్న అక్కడే అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. చేతిలో ముద్ద అట్లాగే ఉందట.

పదకొండో రోజు మధ్యాహ్నం చుట్టాలంతా పోయాక, సిరిసిల్లలో ఆ పాత ఇంటి వాకిట్లో అక్క, నేను మిగిలాం. ఆమె చిక్కి సగమైంది. దగ్గు ఆగడం లేదు. పొద్దున్నుంచి దేవునసొంటి మనిషి, దేవునసొంటి మనిషి అని విని విని ఉన్నానేమో, నాకు ఇక ఆగలేదు. ఒక్క బంతి విడిచిపెట్టి ఉంటే నీకు ఈ దగ్గు ఉండేది కాదు, అమ్మలాగా నువ్వూ అట్లాంటి గదిలో కూర్చునేదానివి కాదు, ఒక్క బంతి కోసం నిన్ను దూది గాలిలోకి తోసిన మనిషి అని అనేశాను. అన్నాక భయమేసింది, పదకొండో రోజు అనకూడని మాట.

అక్క కోపం చేయలేదు. కొంగుతో మూతి తుడుచుకుని నా వైపు చూసింది.

"మీ బావ విడుస్తననే అన్నడు తమ్మీ. నీకు మాటిచ్చిన్నని రాత్రి గూడ చెప్పిండు. పొద్దుగాల మీ పెరట్ల నీళ్లు పోసుకుంటుంటె నేనే పోయి వద్దన్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎందుకని అడిగాను.

"పెండ్లయిన కాడికెల్లి కలకత్తల ఆడిండు, హైదరాబాద్‌ల ఆడిండు అని అందరు నాతోని చెప్పుడేనాయె. నేనేడ సూసిన? ఆడోళ్లను ఎవలు తోలుకపోయిండ్రు? ఒక్కపారన్న నా కండ్ల ముంగట ఆపు, సూస్త అన్న. సరే అన్నడు. ఇగ ఆ సారుకేమో తన్నుడే రాకపాయె. బూటు పోయె, బంతి గంజు కాడికచ్చె. మంచి బంతి రాకుంటె నేనేం సూడాలె? అందుకే దగ్గరికి పోయి కాలు ఎట్ల పెట్టాల్నో చెప్పిండు."

ఆ మనిషి మీద కోపం పోలేదు. నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయిందని ఇంకా పెరిగింది, దానితో పాటు ఏడుపు వచ్చింది. ఆ ఉద్యోగం పోతే భివండి పోవాల్సి వస్తుందని నీకు తెలియదా అక్కా అని అడిగాను.

"తెల్సు" అంది అక్క. దగ్గు తెర వచ్చి, ఆగి, మళ్లీ అంది.

"పోతే పోతిమి. సూసిన గద."